కింద నుంచి చూస్తే

మీరంతా బండిని ముందు నుంచి చూస్తారు,
మొహం చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు.
నాది జాకీ పక్కన గోనెసంచి మీద బతుకు.
నాకు పొట్టలు తెలుసు.
తుప్పు ఎక్కడ మొదలవుతుందో,
కొత్త రంగు కింద ఎంత లప్పం మెత్తారో తెలుసు.

జమ్ము జంక్షన్లో, హైవే దిగి నరసన్నపేటకి తిరిగే చోట
నా పంచర్ షాపు.
సాయంత్రం అయిదు దాటితే
నా పాత టైర్ల మీద సభ.

"అంబాసిడర్ని మించింది పుట్నేదు," అంటాడు దండాసి,
ముప్పై ఏళ్లు టాక్సీ తోలినవాడు.
"సుత్తి, స్పేనరు, ఒక బూతుమాట ఉంటే చాలు,
ఒడిశా అడివిలోంచైనా ఇంటికొచ్చీసీది."
ఆ బూతుమాట ఏటో ఇప్పటికీ చెప్పడు.

"జపానోడి ఇంజను, మావా!
ఆయిలు మార్చడం నువ్వు మర్చిపోయినా
అది నిన్ను మర్చిపోదు,"
ఢిల్లేశ్వర్రావు వ్యాను గురించి మాట్లాడినంత
పెళ్లాం గురించి మాట్లాడగా ఎవరూ వినలేదు.
మొన్న క్లచ్చు పోయి
టెక్కలి నుంచి తాడు కట్టి లాక్కొచ్చింది మాత్రం
డ్రైవరు తప్పంటాడు.
డ్రైవరు తనే.

లోలుగు వారి కుర్రాడి కారులో పలకంత తెర.
తలుపు సరిగ్గా పడకపోతే చెబుతుంది,
బెల్టు పెట్టకపోతే గోల పెడుతుంది,
మేకు దిగితే ఏ చక్రంలోనో కూడా చెబుతుంది.
నా పని సగం అదే చేసీసింది,
మిగతా సగానికి వంద రూపాయలంటే
బేరమాడతాడు.

అప్పుడొస్తుంది గున్నయ్య బండి.
కనబడే ముందే వినబడుతుంది,
జీడిపిక్కల బాయిలరు దగ్గినట్టు.
మూతి జీపుది. వీపు మేటడోరుది.
గుండె, చెరకుతోటకి నీళ్లు తోడిన పాత ఇంజను.
తలుపులు రెండూ ఎడమవే దొరికితే
కుడివైపుది తలకిందులుగా బిగించాడు.
మడపాం టోల్‌గేటు కాడ కుర్రాళ్లు ముగ్గురు
చుట్టూ తిరిగి చూసి, ఏ రేటు వెయ్యాలో తేలక
"పో బాబూ, పో" అన్నారట.

సభ లేచి నిలబడుతుంది.
ఎవడూ మెచ్చుకోడు,
అందరూ బానెట్టులోకి తలలు పెడతారు.

రేడియేటరు కారితే గుప్పెడు పసుపు.
టాంకు కారితే బట్టల సబ్బు ముక్క.
సెల్ఫు లేదు గనక
పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా
ముందు పల్లమున్న వీధి వెతుక్కుంటాడు.

"దీన్ని నమ్మీసి ఎలగ తిరుగుతావు?"
తెరకారు కుర్రాడు అడిగాడు.
"నమ్మడమేటి, బావూ,"
గున్నయ్య బీడీ ముట్టించుకున్నాడు,
"ఇది ఎక్కడ ఆగిపోద్దో నాకు ముందే తెలుసు.
నీది ఆగితే నీకేటి తెలుసు?"
కుర్రాడు నవ్వీసాడు గాని
తెర వైపు ఒకసారి చూసుకున్నాడు.

ఈసారి స్టెప్నీ. గాలి నిలవడం లేదట.
"ట్యూబు మార్చీ, ముసిల్దైపోనాది,"
అనేసి టీకి వెళ్లాడు.

రిమ్ము ఊడదీసి పరిచాను. పదకొండు ప్యాచీలు.
తొమ్మిది గుండ్రంవి. అవి నావి,
మూలలుంటే లేచిపోతాయని నాకు భయం.
వాల్వు పక్కన రెండు మాత్రం చదరం,
బద్ద పెట్టి గీసినట్టు.
మా నాన్న అలగే కోసీవాడు
పాత లారీ ట్యూబుని,
సగం బ్లేడుతో, నాలుక కొస బయటపెట్టి.
ఆయన పోయి పదహారేళ్లు.

బయట ఇంకా తేలలేదు ఏది గట్టి బండో.
గాలి కొట్టి తొట్టిలో ముంచాను.
ఆ రెండింటినీ నీళ్లలోకి అరచేత్తో
కావలసిన దానికన్నా ఎక్కువసేపే
నొక్కి పట్టుకున్నాను.
హైవే మీద లారీలు. దండాసి గొంతు.
చల్లటి మురికినీళ్లు మోచేతి దాకా.

అక్కడ ఒక్క బుడగా లేదు.

జానెడు దూరంలో, గుండ్రటి నాదాని అంచు నుంచి,
తొందరేమీ లేకుండా
ఒకదాని తరవాత ఒకటి.